386 మదర్‌బోర్డు మీద బ్యాటరీ కారిపోయింది: ఏ వరసలో బాగుచేయాలి?

సిమ్‌స్లాట్ (ప్రశ్న)

ఏఎండీ 386డీఎక్స్-40 ప్రాసెసర్ ఉన్న బేబీ ఏటీ (పాత పీసీల చిన్న సైజు) బోర్డు. బయాస్ (కంప్యూటర్‌ను లేపే మొదటి ప్రోగ్రామ్) ఏఎంఐ కంపెనీది. 30 పిన్నుల సిమ్ (ర్యామ్ పలకల) స్లాట్లు 8 ఉంటే, ఒక్కోటి 1 ఎంబీ చొప్పున 4 పెట్టి ఉన్నాయి (9 చిప్పులవి). కీబోర్డు సాకెట్ పక్కనున్న గొట్టంలాంటి 3.6 వోల్టుల బ్యాటరీ కారిపోయింది. దాని చుట్టూ అరచేతి మేర పచ్చటి చిలుము, అక్కడక్కడా తెల్లపొడి. కీబోర్డు కంట్రోలర్ చిప్పు సాకెట్ దాకా పాకింది, మొదటి ఐసా స్లాటు (అదనపు కార్డులు పెట్టేది) కొసన కూడా కాస్త కనిపిస్తోంది.

పవర్ ఇస్తే ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) ఫ్యాన్ ఒక్కసారి కదిలి ఆగిపోతోంది. బీప్ లేదు, డిస్‌ప్లే లేదు.

మల్టీమీటర్, వేడి మార్చుకోగల 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్, ఐసా పోస్ట్ కార్డు (బోర్డు ఏ పరీక్ష దగ్గర ఆగిందో చూపించే కార్డు) ఉన్నాయి. ఆసిలోస్కోప్ లేదు. బోర్డు కడగడానికి వంటసోడా వాడాలా, వెనిగర్ వాడాలా? ఫ్యాన్ ఆగిపోవడం కూడా ఈ బ్యాటరీ వల్లేనా? కెపాసిటర్లన్నీ ఒకేసారి మార్చేయడం మంచిదా? బోర్డు లేస్తే పాత హార్డ్‌డిస్కు బదులు కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డు పెడదామని ఉంది, దాని సంగతి కూడా చెప్పగలరు.

కాపర్‌ట్రాక్

ముందు పవర్ ఇవ్వడం ఆపండి. ఆ పొడి తడి పీల్చుకుంటే కరెంటును మోస్తుంది, పైగా వోల్టేజీ ఉన్నప్పుడు రాగిని ఇంకా త్వరగా తినేస్తుంది.

మీ బోర్డు మీదిది నికెల్-కాడ్మియం బ్యాటరీ. కారింది ఆమ్లం కాదు, పొటాషియం హైడ్రాక్సైడ్, అంటే క్షారం. వంటసోడా ఆమ్లానికి విరుగుడు, ఇక్కడ దానివల్ల ప్రయోజనం లేదు. 5 శాతం ఆమ్లం ఉండే తెల్ల వెనిగర్ సరిపోతుంది. నిమ్మరసం వద్దు, అందులోని చక్కెర, పిప్పి సాకెట్లలోకి దిగి జిగురవుతాయి.

బ్యాటరీ కాళ్లను కట్టర్‌తో తెంపి తీసేయండి, మిగిలిన ముక్కల్ని తర్వాత సోల్డర్ కరిగించి లాగొచ్చు. చిప్పులు, సిమ్‌లు, బయాస్ ఉండే రోమ్ చిప్పు, సాకెట్లో ఉన్నవన్నీ ఊడదీయండి. ఏ చిప్పు గాటు ఏ వైపుందో ముందే ఫోటో తీసుకోండి. తర్వాత చిలుము ఉన్నంత మేరా వెనిగర్ పోసి, నురగ ఆగేదాకా 5-10 నిమిషాలు వదిలి, మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్దండి. బోర్డు వెనకవైపు కూడా. నురగ రావడం మానేదాకా మళ్లీ మళ్లీ చేయాలి. ఆ వెంటనే డిస్టిల్డ్ వాటర్‌తో బాగా కడగండి, ఈ అడుగు బద్ధకించకూడదు: వెనిగర్ మిగిలిపోతే అదీ రాగిని తింటుంది. చివర్లో 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోస్తే స్లాట్ల అడుగున ఉన్న నీటిని లాక్కొస్తుంది. ఒక రాత్రంతా ఫ్యాన్ గాలికి ఆరనివ్వండి.

చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు తప్పనిసరి. చిలుమును పొడిగా ఉన్నప్పుడు గీకొద్దు, ఆ పొడిలో కాడ్మియం ఉండొచ్చు. తడిపి గీకండి. తీసేసిన బ్యాటరీని మామూలు చెత్తలో వేయకండి.

కీబోర్డు కంట్రోలర్ సాకెట్ కాళ్లు నల్లబడి ఉంటే కడిగి లాభం లేదు. లోపలి స్ప్రింగు పట్టు పోయి ఉంటుంది. కొత్తది వేయాల్సిందే.

ఎర్రతీగ

ఫ్యాన్ కదిలి ఆగిపోవడమంటే ఎస్ఎంపీఎస్ షార్ట్ చూసి తనను తాను మూసుకుంటోందని అర్థం. బ్యాటరీ కంటే టాంటలం కెపాసిటర్ మీదే నా అనుమానం. కందిగింజ కంటే కాస్త పెద్దగా, పసుపో నారింజో రంగులో, ఐసా స్లాట్ల మధ్య, పవర్ కనెక్టర్ దగ్గర ఉంటాయి. ఆ కాలపు బోర్డుల్లో 12 వోల్టుల లైను మీద 10 మైక్రోఫారడ్, 16 వోల్టులవి వేసేవారు. టాంటలానికి ఆ మార్జిన్ చాలదు, ఏళ్ల తరబడి వాడకుండా ఉంచిన బోర్డులో పవర్ ఇవ్వగానే షార్ట్ అయిపోతుంది.

ఎస్ఎంపీఎస్ కనెక్టర్లు పీకేసి, బోర్డు మీద ఓమ్‌లు కొలవండి. ఐసా స్లాటులో వెనక ప్యానెల్ వైపు కొస నుంచి లెక్కిస్తే: బీ1, బీ10, బీ31 గ్రౌండ్. బీ3 +5, బీ5 −5, బీ7 −12, బీ9 +12. గ్రౌండ్‌తో పోల్చి ఒక్కోటి చూడండి. +5 లైను మీద పదుల ఓమ్‌లు రావడం మామూలే, చిప్పులన్నీ దాని మీదే ఉన్నాయి కాబట్టి. +12 మీద మాత్రం 1 ఓమ్‌ లాంటిది వస్తే టాంటలమే.

ఒకే లైను మీద నాలుగైదు ఉంటాయి కాబట్టి ఏది పోయిందో మీటరు చెప్పదు. పవర్ కనెక్టర్‌కు దగ్గరగా ఉన్నదానితో మొదలుపెట్టి ఒక్కో కాలు లేపి చూడండి. కరెంటు పరిమితి పెట్టుకోగల బెంచ్ సప్లై దొరికితే 1 వోల్టు, 1 ఆంపియర్ దగ్గర ఆ లైనులోకి ఇవ్వండి, పోయినది వేడెక్కి తనే దొరుకుతుంది. తీసేశాక పరీక్ష కోసం అది లేకుండానే బోర్డు నడుస్తుంది. కొత్తది 25 వోల్టులదో 35 వోల్టులదో వేయండి.

ఇక్కడ చాలామంది తిరగేసి వేసేస్తారు. టాంటలం మీద గీత ప్లస్‌ను చూపిస్తుంది, మామూలు అల్యూమినియం కెపాసిటర్ మీద గీత మైనస్‌ను చూపిస్తుంది. ఇంకో తిరకాసు: −12, −5 లైన్ల మీద టాంటలం ప్లస్ కాలు గ్రౌండ్‌కు వెళ్తుంది. తీసేముందు ఏది ఎటుందో రాసుకోండి. తిరగేస్తే మండుతుంది, మాటవరసకు కాదు, నిజంగానే.

కెపాసిటర్లన్నీ మార్చేయడం సంగతి: వద్దు. ఆ తరం మ్యాక్‌లలో, అమిగా 600, 1200 కంప్యూటర్లలో ఉండే, బోర్డు ఉపరితలానికే అతికించే అల్యూమినియం కెపాసిటర్లు కారిపోతాయి, వాటికి ఆ సలహా సరైనదే. 386 బోర్డుల్లో ఉండేవి కొద్ది, అవీ రంధ్రంలోంచి దిగే రకం, సాధారణంగా బాగానే ఉంటాయి. ఊరికే తీయబోతే గ్రౌండ్ రాగిపొర వేడినంతా లాగేసి, మీరు తొందరపడి పీకినప్పుడు ప్యాడ్ లేచొస్తుంది. బాగున్న బోర్డుకు కొత్త రోగం తెచ్చినట్టవుతుంది.

ఎస్ఎంపీఎస్‌ను కూడా ఒంటరిగా పరీక్షించండి. ఏటీ రకానికి లోడు లేకపోతే వోల్టేజీ నిలవదు. 5 ఓమ్, 10 వాట్ల సిరామిక్ రెసిస్టర్ ఎరుపు-నలుపు మధ్య పెడితే 1 ఆంపియర్ లాగుతుంది. +5 లైను 4.75 నుంచి 5.25 మధ్య, +12 లైను 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. బోర్డుకు వెళ్లే రెండు పవర్ కనెక్టర్లు పీ8, పీ9. పీ8 మొదటి పిన్ను, సాధారణంగా నారింజ తీగ, పవర్ గుడ్ (వోల్టేజీలు కుదిరాయని చెప్పే సంకేతం). ఆన్ చేశాక అర సెకను లోపు 5 వోల్టుల దగ్గరికి రావాలి. పీ8, పీ9 పెట్టేటప్పుడు నాలుగు నల్లతీగలూ మధ్యలో పక్కపక్కన రావాలి, తారుమారైతే చిప్పులు పోతాయి. ముందు ప్యానెల్ స్విచ్చులోకి నేరుగా మెయిన్స్ కరెంటు వస్తుంది, ఆ కొసలకు తొడుగులు లేకపోతే ముందు ఆ పని చూడండి.

ఎస్ఎంపీఎస్ లోపల మెయిన్స్ ప్రవేశం దగ్గర పారదర్శకమైన పసుపు పెట్టెలాంటి రీఫా కంపెనీ కెపాసిటర్ ఉండి, దాని ఒంటి మీద సన్నటి పగుళ్లు కనిపిస్తే అడగకుండా మార్చేయండి. అదే విలువ, ఎక్స్2 తరగతి (మెయిన్స్ మీద వేయదగినది), పాలీప్రొపైలిన్ రకం. మెయిన్స్ తీసేసినా పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉంటుంది, కొలిచి చూడందే చేయి పెట్టొద్దు.

రోమ్‌కిటికీ

బయాస్ చిప్పు ఎటూ ఊడదీస్తున్నారు కదా, ప్రోగ్రామర్ (రోమ్ చిప్పును చదివి, రాసే పరికరం) అందుబాటులో ఉంటే ఇప్పుడే చదివి ఫైలు దాచుకోండి. 27సీ512 అయితే 64 కేబీ. చిప్పు నడుమ ఉండే గాజు కిటికీ మీది స్టిక్కర్ ఊడిపోతే వెంటనే నల్లటేపు వేయండి. బోర్డు జంపర్ల వివరాలకు, పాత బోర్డుల సమాచారం ఉండే సైటు ది రెట్రో వెబ్‌లో చిప్‌సెట్ పేరుతో వెతకండి. అదే బోర్డు ఫోటో దొరికితే చిలుము కింద మాయమైన ట్రాకులు ఎటు వెళ్లేవో చూసుకోవచ్చు.

సిమ్‌స్లాట్

కడిగి ఆరబెట్టాను. +12 నుంచి గ్రౌండ్‌కు 0.8 ఓమ్ వచ్చింది. రెండో టాంటలం కాలు లేపగానే షార్ట్ పోయింది. ఎస్ఎంపీఎస్ ఇప్పుడు నిలకడగా ఉంది: 5.08, 12.1. చిప్పులన్నీ పెట్టి, ఐసా వీజీఏ కార్డుతో ఆన్ చేస్తే 6 బీపులు వస్తున్నాయి, డిస్‌ప్లే లేదు. కంట్రోలర్ సాకెట్ కొత్తది వేశాను. కంట్రోలర్ చిప్పు ఇంకో బోర్డులోంచి తెచ్చి పెట్టినా అవే 6 బీపులు.

ఎక్స్‌డీబస్

శుభవార్తే. బీప్ వచ్చిందంటే ప్రాసెసర్, క్లాకు, రీసెట్, బయాస్ రోమ్ పనిచేస్తున్నాయి. ఏఎంఐ బయాస్‌లో 6 బీపులంటే 8042 కీబోర్డు కంట్రోలర్, ఏ20 గేట్ (1 ఎంబీ దాటిన మెమరీకి దారి తెరిచే లైను) పరీక్ష తప్పింది. ఈ పరీక్ష డిస్‌ప్లే లేవకముందే జరుగుతుంది, అందుకే తెర నల్లగా ఉంది. వీజీఏ కార్డును, ర్యామ్‌ను అనుమానించి సమయం పాడుచేసుకోకండి. ర్యామ్ తప్పయితే 3 బీపులు, వీడియో తప్పయితే 8 వచ్చేవి.

చిప్పు మార్చినా అదే ఫలితం కాబట్టి తెగింది ట్రాకు. మీటరుతోనే పట్టుకోవచ్చు. పవర్ తీసేసి, కంట్రోలర్, రోమ్ రెండూ సాకెట్లలోంచి తీసి చూడండి.

కంట్రోలర్‌లో 12 నుంచి 19 దాకా పిన్నులు డేటా లైన్లు, డీ0 నుంచి డీ7. చాలా బోర్డుల్లో ఇవి బయాస్ రోమ్ డేటా పిన్నులతో నేరుగా కలిసి ఉంటాయి. 28 పిన్నుల రోమ్‌లో డీ0-డీ2 అంటే 11, 12, 13. 14 గ్రౌండ్. డీ3-డీ7 అంటే 15 నుంచి 19. కాబట్టి కంట్రోలర్ 12 నుంచి రోమ్ 11కు, 13 నుంచి 12కు, 14 నుంచి 13కు, ఆపైన 15 నుంచి 15కు, అలా 19 నుంచి 19 దాకా కంటిన్యుటీ (తెగని దారి) ఉండాలి. రోమ్ వైపు బాగుంది, లేకపోతే బీపే వచ్చేది కాదు. 8 లైన్లలో ఏడింటికి మీటరు బజర్ మోగి ఒకదానికి మోగకపోతే తెగింది అదే. ఎనిమిదీ మోగకపోతే మీ బోర్డులో మధ్యన 74ఎల్ఎస్245 బఫర్ చిప్పు ఉందని అర్థం, అప్పుడు దాని కాళ్ల నుంచి వెతకాలి.

తర్వాత మిగతావి. 40, 26 పిన్నులు +5. 20 గ్రౌండ్. 4 రీసెట్, పవర్ ఇచ్చి కాసేపయ్యాక పైన ఉండాలి, 0 దగ్గర ఉంటే చిప్పు ఎప్పటికీ రీసెట్‌లోనే ఉన్నట్టు. 9వ పిన్ను అడ్రస్ లైను, ఐసా ఏ29తో పోల్చండి: 60హెచ్, 64హెచ్ పోర్టులను వేరుచేసేది ఆ లైనే. 8 రీడ్, 10 రైట్, ఐసా బీ14, బీ13లతో పోల్చండి, ఇవి కూడా కొన్ని బోర్డుల్లో చిప్‌సెట్ మీదుగా వస్తాయి. 6 చిప్ సెలెక్ట్. 22 ఏ20 గేట్, చిప్‌సెట్‌లోకి వెళ్తుంది. బ్యాటరీకి దగ్గర దారిలో పోయే ట్రాకు ఏదో చూసి దానితో మొదలుపెట్టండి.

ఒక జాగ్రత్త: బజర్ మోగిందని సంబరపడొద్దు. చాలా మీటర్లు 30, 40 ఓమ్‌లున్నా మోగిస్తాయి. అంకె చూడండి. మంచి ట్రాకు 1 ఓమ్ లోపు ఉంటుంది. 15 ఓమ్‌లు చూపించే ట్రాకు లోపల సగం తినేసి ఉంది, ఇవాళ పనిచేసినా రేపు తెగుతుంది.

కాపర్‌ట్రాక్

ట్రాకు దొరికాక అతికించే పని గురించి. పచ్చరంగు పూత కింద ట్రాకు నల్లగా కనిపిస్తే చిలుము లోపల ఇంకా నడుస్తోందన్నమాట. మెరిసే రాగి వచ్చేదాకా ఫైబర్‌గ్లాస్ పెన్‌తోనో స్కాల్పెల్ అంచుతోనో ఆ పూత గీకండి, రెండు వైపులా మంచి రాగి 2-3 మిల్లీమీటర్లు బయటపడాలి. ఫ్లక్స్ రాసి 330-350 డిగ్రీల దగ్గర 63/37 సోల్డర్‌తో పూత పెట్టండి. సోల్డర్ పట్టకుండా గుండుగా దొర్లిపోతుంటే అక్కడ ఇంకా మలినం ఉంది: మళ్లీ వెనిగర్, మళ్లీ నీళ్లు, మళ్లీ గీకుడు. వేడి పెంచితే అతుక్కోదు, ట్రాకే లేచిపోతుంది.

తెగిన చోట చిన్న ముక్కలతో వంతెన కట్టడం కంటే 30 గేజ్ వైర్‌ర్యాప్ తీగను పిన్ను నుంచి పిన్నుకు బోర్డు వెనకవైపు లాగడం మేలు. ట్రాకు మధ్యలో వయా (బోర్డు రెండు వైపులనూ కలిపే రాగి రంధ్రం) ఉంటే అదీ లోపల పోయి ఉండే అవకాశం ఎక్కువ. పైకి బాగానే కనబడుతుంది, రంధ్రం గోడకున్న రాగి మాత్రం కరిగిపోయి ఉంటుంది. అన్నీ అయ్యాక గీకిన చోటంతా యూవీ సోల్డర్‌మాస్క్ గానీ కన్ఫార్మల్ కోటింగ్ గానీ (రెండూ రాగిని కాపాడే పూతలే) వేయండి. గోళ్లరంగుతో సరిపెట్టేవాళ్లున్నారు. ఆల్కహాల్ తగిలితే అది మెత్తబడి మరక పడుతుంది, మరీ గతి లేకపోతే తప్ప వద్దు.

సిమ్‌స్లాట్

కంట్రోలర్ 17, 22 పిన్నుల ట్రాకులు రెండూ తెగి ఉన్నాయి. తీగలు వేశాను. ఇప్పుడు డిస్‌ప్లే వస్తోంది, 4 ఎంబీ లెక్కపెడుతోంది, ఆ తర్వాత కీబోర్డు లాక్ అయిందని చెప్పి ఆగిపోతోంది. ముందు ప్యానెల్ తాళం తీగలు అసలు పెట్టలేదు. కీబోర్డు లైట్లు వెలగడం లేదు.

ఎక్స్‌డీబస్

రెండు వేర్వేరు చోట్లు. లైట్లు వెలగకపోతే కీబోర్డుకు కరెంటు అందడం లేదు. కీబోర్డు గుచ్చే 5 పిన్నుల డిన్ సాకెట్‌లో 4 గ్రౌండ్, 5 +5. 5వ పిన్ను దగ్గర 5 వోల్టులు లేకపోతే సాకెట్ వెనక చిన్న ఫ్యూజు పోయి ఉంటుంది. చూడ్డానికి రెసిస్టర్‌లానో కాయిల్‌లానో ఉంటుంది, పక్కన ఎఫ్ అనో ఎల్ అనో అచ్చు ఉంటుంది. పాలీఫ్యూజ్ (తనంతట తానే కుదురుకునే ఫ్యూజు) వేస్తే మళ్లీ మార్చే పని ఉండదు.

లాక్ సంగతి: కంట్రోలర్ 34వ పిన్నును ఒక పుల్‌అప్ రెసిస్టర్ +5 వైపు పైకి పట్టి ఉంచాలి. తాళం తిప్పినప్పుడే అది గ్రౌండ్ అవుతుంది. రెసిస్టర్ కాలు తినేసి ఉంటే ఆ పిన్ను గాల్లో తేలి, తాళం వేసినట్టు చదవొచ్చు. పవర్ ఉండగా 34 దగ్గర 4 వోల్టులకు పైన కనిపించాలి. లేకపోతే 10 కిలోఓమ్ రెసిస్టర్ ఒకటి 34 నుంచి 40కి వెనకవైపు వేయండి.

ఎర్రతీగ

ఇది తేలేలోగా కొత్త బ్యాటరీ గురించి. అదే రకం నికెల్-కాడ్మియం మళ్లీ పెట్టకండి, అదీ కారుతుంది. పాత ప్యాడ్ల మీద సీఆర్2032ను నేరుగా అతికించడం ఇంకా ప్రమాదం: బోర్డు దాన్ని ఛార్జ్ చేయబోతుంది, లిథియం నాణెం ఉబ్బి పగలొచ్చు. మధ్యలో డయోడ్ (కరెంటును ఒక్క వైపే పోనిచ్చేది) తప్పనిసరి, గీత ఉన్న కొస బోర్డు వైపు. 1ఎన్4148 వేస్తే 0.6 వోల్టులు అక్కడే పోతాయి, బోర్డు సొంత డయోడ్ ఇంకొంత తింటుంది, 3 వోల్టుల్లో మిగిలింది చాలక గడియారం మర్చిపోతుంది. బీఏటీ85 లాంటి షాట్కీ డయోడ్ అయితే నష్టం తక్కువ.

దీనికంటే సులువు బయటి బ్యాటరీ పిన్నులు. ఆ కాలపు బోర్డుల్లో బ్యాటరీ దగ్గర్లో 4 పిన్నుల వరస ఉంటుంది: సాధారణంగా 1 ప్లస్, 4 గ్రౌండ్, 2-3 మీద బోర్డు బ్యాటరీని ఎంచుకునే జంపర్. జంపర్ తీసి, 3 ఏఏ ఆల్కలైన్ సెల్స్ ఉన్న డబ్బా తగిలించండి, 4.5 వోల్టులు. తీగ పొడుగ్గా పెట్టి డబ్బాను కేసు గోడకు అంటించండి, అది కారినా బోర్డు మీద పడకూడదు. తగిలించే ముందు 1వ పిన్ను నుంచి ఛార్జింగ్ వోల్టేజీ బయటికి రావడం లేదని పవర్ ఉండగా ఓసారి కొలవండి.

ఎఫ్‌డిస్క్

కాంపాక్ట్‌ఫ్లాష్ మంచి నిర్ణయం. అది పాత హార్డ్‌డిస్కుల ఐడీఈ భాషే మాట్లాడుతుంది, అడాప్టర్‌లో పిన్నులు కలపడం తప్ప ఏమీ ఉండదు.

మీ బయాస్‌కు 504 ఎంబీ దాటి కనిపించదు: 1024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్లు, సెక్టారుకు 512 బైట్లు, అంతే. సెటప్‌లో టైప్ 47 ఎంచుకుని అంకెలు చేత్తో ఇవ్వాలి. కార్డు చెప్పే హెడ్లు, సెక్టార్లు అలాగే ఉంచండి, సిలిండర్లు 1023 దాటితే 1023కు కుదించండి. కొన్ని కార్డులు తమవి కాని హెడ్ల లెక్కను ఒప్పుకోవు. అలాంటప్పుడు ఫార్మాట్ సజావుగా అయినట్టే ఉంటుంది, ఫైళ్లు మాత్రం కొన్నాళ్లకు కలగాపులగమవుతాయి.

అంతకంటే పెద్దది కావాలంటే ఎక్స్‌టీఐడీఈ యూనివర్సల్ బయాస్ (పెద్ద డిస్కులను గుర్తించే అదనపు బయాస్), 386 రకం. దాన్ని 8 కేబీ చిప్పులో రాసి నెట్‌వర్క్ కార్డు బూట్ రోమ్ సాకెట్‌లో పెట్టి, ఆ కార్డు సెటప్ ప్రోగ్రామ్‌లో బూట్ రోమ్ ఆన్ చేయాలి. సీమాస్‌లో, అంటే బ్యాటరీతో నిలిచే బయాస్ సెటప్‌లో, హార్డ్‌డిస్కు లేదని పెట్టాలి. నన్నడిగితే 386కి 504 ఎంబీ చాలు. ఎంఎస్-డాస్ 6.22లో ఆ సైజు పార్టిషన్‌కు క్లస్టర్ (ఒక ఫైలు కనీసం ఆక్రమించే చోటు) 8 కేబీ, 2 జీబీకైతే 32 కేబీ. చిన్న ఫైళ్లే ఎక్కువ ఉండే యంత్రంలో పెద్ద కార్డు చోటు చాలావరకు వృథా.

పార్టిషన్ ఆ యంత్రం మీదే చేయండి. కొత్త కంప్యూటర్లో చేసి తెస్తే లెక్కలు కలవక, ఫైళ్లు కనిపిస్తాయి గానీ బూట్ అవదు. ఎఫ్‌డిస్క్‌తో పార్టిషన్ చేసి, దాన్ని యాక్టివ్ చేసి, రీబూట్ చేసి, "ఫార్మాట్ సీ: /ఎస్" ఇవ్వండి. ఇంత చేశాకా నల్లతెర మీద కర్సర్ మినుకుతూ ఆగిపోతే కార్డు తప్పు కాదు. కెమెరాల కోసం తయారైన కార్డు మొదటి సెక్టార్‌లో డాస్ బూట్ కోడ్ ఉండదు, మామూలు ఎఫ్‌డిస్క్ ఒక్కోసారి దాన్ని రాయదు. ఫ్లాపీ నుంచి బూట్ చేసి "ఎఫ్‌డిస్క్ /ఎంబీఆర్" ఒక్కసారి నడపండి.

సిమ్‌స్లాట్

34 దగ్గర 0.3 వోల్టులే ఉన్నాయి, 10 కిలోఓమ్ వేశాక లాక్ సందేశం పోయింది. ఫ్యూజు కూడా పోయిందే, మార్చాక లైట్లు వెలిగాయి. బ్యాటరీ డబ్బా తగిలించే ముందు కొలిస్తే 1వ పిన్ను మీద ఏమీ రాలేదు. ఫ్లాపీ నుంచి డాస్ లేస్తోంది గానీ డ్రైవ్ లైటు ఆన్ చేసినప్పటి నుంచి ఆరకుండా వెలుగుతోంది, దీనివల్ల ఇబ్బందా?

ఎఫ్‌డిస్క్

ఫ్లాపీ కేబుల్ తిరగబడితే ఎప్పుడూ లైటు వెలిగే ఉంటుంది, కానీ అప్పుడు డాస్ అసలు లేవదు. మీకు లేస్తోంది కాబట్టి కేబుల్ సరిగ్గానే ఉంది. డ్రైవ్ సెలెక్ట్ లైనులో ఎక్కడో కాస్త లీకేజీ ఉండొచ్చు. కంట్రోలర్ కార్డు అంచు పిన్నులను ఆల్కహాల్‌తో తుడిచి, కార్డును వేరే ఐసా స్లాటులోకి మార్చి చూడండి. చిలుము పాకిన మొదటి స్లాటులోనే కార్డు ఉంటే ముందు అక్కడి నుంచి తీయండి.